ఐదు దేశాల స్టాండులో ఒక ప్రశ్న

ఐరోపా దేశాలకు ఉమ్మడి ఆయుధ విధానం తప్పనిసరి అని కాకినాడలో ఒకసారి నిరూపించాను. అటువంటిది అసాధ్యమని మరుసటి ఏడాది రాజమండ్రిలో నిరూపించాను. రెండు చోట్లా మొదటి బహుమతి నాకే వచ్చింది. ఈ విషయంలో ఐరోపా మమ్మల్ని సలహా అడగలేదన్న సంగతి మా కళాశాల డిబేట్ బృందంలో ఎవరికీ అడ్డు రాలేదు. విషయం ఎంత దూరమైనదైతే వాదన అంత స్వచ్ఛంగా ఉంటుందని మా మాస్టారు అనేవారు. ఆ దూరం తగ్గితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. అది తెలుసుకోవడానికి నేను దుబాయి వెళ్ళవలసి వచ్చింది.

బయలుదేరింది మాత్రం ఆ పని మీద కాదు. ఎం.ఏ. ముగించుకుని, ఇంటర్వ్యూలకు తిరుగుతూ, ఎవరు కనిపిస్తే వారితో వాదిస్తున్న నన్ను చూసి మా అమ్మ విసిగిపోయి తన చెల్లెలి దగ్గరికి పంపింది. పిన్ని భర్త మూర్తి బాబాయి అక్కడ ఒక కంపెనీలో ప్రాజెక్టు ఇంజనీరు. పెద్ద పెద్ద ప్రదర్శనల్లో వ్యాపారులు తమ సరుకు పెట్టుకోవడానికి నాలుగు రోజులు నిలిచే మంటపాలు కట్టి, ఆ తర్వాత విప్పేయడం ఆ కంపెనీ వృత్తి. వాటిని స్టాండ్లు అంటారు. ఆ ఫిబ్రవరిలో బాబాయి చేతిలో ఉన్నది అబుదాబి ఆయుధ ప్రదర్శన కోసం ఐరోపాలోని ఐదు దేశాలు కలిసి కట్టించుకుంటున్న ఒకే ఒక స్టాండు. ఆ దేశాల పేర్లు రాయను. రాస్తే మిగిలిన దేశాలు తమకు సంబంధం లేదనుకునే ప్రమాదముంది.

బర్ దుబాయ్

పిన్ని వాళ్ళ ఫ్లాటు ఒక బట్టల దుకాణం మీద. కిటికీ తెరిస్తే కింద సింధీ వ్యాపారి చీరల ధర చెబుతున్న హిందీ, మూసేస్తే పక్క ఫ్లాటులో మలయాళం. మెట్రోలో ఆడవాళ్ళకు ప్రత్యేకంగా పెట్టె ఉంది; అందులో కూర్చుని పిన్ని చేసిచ్చిన పప్పుచెక్క ఒకటి కొరికాను. ఎదుటి సీటులోని ఫిలిప్పీన్స్ అమ్మాయి కంగారుగా చేతులు ఊపి, తింటే జరిమానా అని గోడ మీదున్న బోర్డు చూపించింది. సాక్ష్యం మాయం చేయడానికి చెక్క మొత్తం నోట్లో కుక్కుకున్నాను. ఒక స్టేషను దాటేవరకూ నేను నోరు మూసుకుని ఉండడం ఈ యాత్రలో అదొక్కసారే.

మా ఊళ్ళో రోడ్డు దాటడం బండివాడికీ నడిచేవాడికీ మధ్య చూపులతో కుదిరే ఒప్పందం. అక్కడ అది చట్టం. ఖాళీ రోడ్డు ముందు ఎర్ర మనిషి బొమ్మ పచ్చబడేదాకా పదిమంది పెద్దమనుషులు బుద్ధిగా నిలబడతారు. కట్ట గోంగూర మూడు దిర్హమ్‌లు. పిన్ని దాన్ని వెంటనే రూపాయల్లోకి మార్చుకుని బాధపడుతుంది. అక్కడికి వచ్చి పదిహేనేళ్ళు దాటినా ఆ బాధ తాజాగానే ఉంది.

మొదటి రోజు భోజనాల దగ్గర అసలు సంగతి తెలిసింది. ఆ ఏడాది పనులు తగ్గాయి. కంపెనీలో ముగ్గురు ప్రాజెక్టు ఇంజనీర్లున్నారు. ఈ ప్రదర్శన అయ్యాక ఒక్కరినే ఉంచుతానని ముదీర్ చెప్పేశాడు. మేనేజరును అక్కడ అందరూ ముదీర్ అనే అంటారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే నెల తిరిగేలోపు దేశం విడవాలి. వాళ్ళమ్మాయి, నా చెల్లెలు వరసైన హాసిని మార్చిలో పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు రాయాలి.

"అంటే స్టాండు బాగా వస్తే నిన్ను ఉంచుతారన్నమాట," అన్నాను.

"బాగా రావడం కాదమ్మా. కస్టమరు నోటమ్మట మన గురించి చెడ్డమాట రాకూడదు. అంతే," అన్నాడు బాబాయి.

"ఆ స్టాండులో వాళ్ళు ఏం అమ్ముతారో ఎప్పుడైనా ఆలోచించావా బాబాయ్?"

"పోయిన నెల చాక్లెట్ల వాళ్ళకి కట్టాను. అంతకు ముందు పళ్ళ డాక్టర్లకి. నాది ప్లైవుడ్డు ప్రణతీ. దాని మీద ఏం పెట్టుకుంటారో వాళ్ళిష్టం."

"అన్నం దగ్గర డిబేట్లేంటే? ముందు పెరుగు వేసుకో," అంది పిన్ని.

ఇంత అన్నాక కూడా బాబాయి తన కంపెనీ పేరు మీద నాకు ఒక పాసు తెప్పించాడు. "నీ చదువుకి పనికొస్తుంది. ఎంతసేపైనా చూడు. అడక్కు. ఇక్కడ అడగడం మన ఊళ్ళో అడిగినట్టు కాదు," అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడాన్ని ఏ న్యాయనిర్ణేతా వాగ్దానంగా లెక్కించడని నాకు తెలుసు.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా

ఐరోపా ఐక్యతను షార్జాలో ఒక రేకుల షెడ్డులో, టైర్ల దుకాణానికీ కార్లకు రంగులు వేసే గ్యారేజీకీ మధ్య తయారు చేస్తున్నారు. రంపపు పొట్టు వాసన, పక్కనుంచి రంగు వాసన, వీధి మలుపులో దిర్హమ్‌కు ఒక కరక్ చాయ్. ఆ చాయ్‌లో యాలకులూ పంచదారా ఎంత ఉంటాయంటే మన ఊరి టీ దాని ముందు ఉపవాసంలా తోస్తుంది.

వడ్రంగి పనికి ఫోర్‌మన్ రాజన్న. జగిత్యాల పక్క పల్లె. చేతిలో పెన్సిలు, చెవి మీద ఇంకో పెన్సిలు, నోట్లో ఎప్పుడూ ఎవరి మీదనో ఒక హాస్యం. స్టాండు నక్షా నా ముందు పరిచాడు.

"ఇగో, జూడుర్రి మేడమ్. స్టాండు ఒక్కటే అంటరు. లోపట ఐదు అర్రలు, ఐదు తలుపులు, ఐదు కాఫీ మిషన్లు. అన్నదమ్ములు ఏరువడి ఒక్క ఇంట్లనే ఉన్నట్టున్నది."

"ఏరుపడలేదు రాజన్నా, కలిశారు. అదే కొత్త విధానం," అన్నాడు బాబాయి.

"కలిస్తెనే గిట్లున్నదా సార్? ఇగ ఏరువడితె ఎట్లుంటదో!"

పని తనిఖీకి ఆ మధ్యాహ్నం క్లారా వచ్చింది. ఐదు దేశాల తరఫున ఈ స్టాండును నడిపించే బాధ్యత ఆమెది. ముప్పై దాటి ఉండవు; ఎండకు ముక్కు ఎర్రబడింది; అందరి పేర్లూ గుర్తుంచుకుని పలకరిస్తుంది. ఆమెను ద్వేషించడానికి నేను సిద్ధపడి వెళ్ళాను గానీ ఆమె అవకాశమివ్వలేదు. నా చదువు సంగతి విని ఓపిగ్గా వివరించింది. ఈ కాలపు ఆయుధాన్ని ఒక దేశం ఒంటరిగా తయారు చేసుకోవాలంటే ఖజానా చాలదట. అందుకని ఒకరు రెక్క, ఒకరు ఇంజను, ఒకరు గురి చూసే కన్ను, ఇలా పంచుకుంటారు. చేసినవి తమకు సరిపోగా మిగిలిన వాటిని బయట అమ్మితేనే గిట్టుబాటు. ఎవరికి అమ్మవచ్చో చూడడానికి ఉమ్మడి ప్రమాణాలు ఎనిమిది ఉన్నాయి. ఆ ఎనిమిదింటినీ ఎలా అర్థం చేసుకోవాలో మాత్రం ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది.

"ఒకరు వద్దంటే?" అని అడిగాను. ఇది కుతూహలం, ప్రశ్న కాదు.

"అందుకే మా ఐదుగురి మధ్య ఒక ఏర్పాటుంది. మొత్తంలో ఒక దేశం భాగం చిన్నదైతే, ఆ దేశం అడ్డు చెప్పదు. చిన్న భాగాల గురించి ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. లేకపోతే ఏ పనీ ముందుకు సాగదు కదా," అని క్లారా నవ్వింది.

అప్పుడే బాబాయి తన సందేహం బయటపెట్టాడు. స్టాండు మొత్తానికి కరెంటు లైను ఒక్కటే. ఐదు కాఫీ యంత్రాల సంగతి కరెంటు లెక్కలో ఏ దేశమూ చూపలేదు. క్లారా అదే నవ్వుతో, అవి ఒక్కొక్కటీ పరిమితి కంటే చిన్నవేననీ, ఆ ఏర్పాటు ప్రకారం చూపనక్కర్లేదనీ చెప్పింది. బాబాయి మళ్ళీ అడగలేదు. అడగకపోవడం వల్లే ఇన్నేళ్ళు అక్కడ నిలబడ్డ మనిషి.

అబుదాబి, మొదటి రెండు రోజులు

దుబాయి నుంచి అబుదాబికి రోడ్డు తిన్నగా, నున్నగా, సంభాషణకు తావు లేనంత వేగంగా ఉంటుంది. అటూ ఇటూ ఇసుక. ఇసుకలో గొట్టాలతో నీళ్ళు తాగుతున్న ఖర్జూరపు చెట్లు.

ప్రదర్శనశాలలో యుద్ధ ట్యాంకు దగ్గరికి వెళితే కొత్త కారు వాసన వేసింది. క్షిపణి పక్కన పళ్ళెంలో ఖర్జూరాలు పెట్టి, తినమని బతిమాలుతున్నారు. బాగున్నాయి, నేనూ తిన్నాను. అక్కడ చంపడం అన్న మాట ఎవరి నోటా వినలేదు. ఆయుధానికి ప్రభావం ఉంటుంది, పరిష్కారం ఉంటుంది, వినియోగదారు ఉంటాడు. ఆ వినియోగంలో అవతలి పక్షం వాడిని ఏమంటారో తెలుసుకుందామని నాలుగు స్టాండ్లలో కరపత్రాలు చదివాను. అతనికి పేరు పెట్టినట్టు లేరు.

మా స్టాండులో మొదటి రోజు జెండాల గొడవ. ఐదు దేశాల జెండాలూ మూడేసి రంగుల పట్టీలే. కొన్ని నిలువు, కొన్ని అడ్డం. హడావుడిలో రాజన్న మనుషులు ఒక జెండాను పక్కకు తిప్పి కట్టారు. దాంతో అది ఇంకో దేశపు జెండా అయిపోయింది. ఇప్పుడు ఒక దేశానికి రెండు జెండాలు, ఒక దేశానికి అసలు లేదు. జెండా పోయిన దేశం గమనించలేదు. రెండు వచ్చిన దేశం మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ మూడో దేశపు ప్రతినిధి వచ్చి, సమానత్వ సూత్రానికి భంగం కలిగిందని క్లారాకు ఫిర్యాదు చేశాడు.

"పట్టీలే గద సార్, అటు తిప్పితె ఆళ్ళది, ఇటు తిప్పితె ఈళ్ళది. ఉమ్మడి అన్నంక గంత పట్టింపెందుకు?" అన్నాడు రాజన్న, నిచ్చెన ఎక్కుతూ.

"నవ్వకురా బాబూ, నా ఉద్యోగం నీ నిచ్చెన మీద ఉంది," అన్నాడు బాబాయి.

రెండో రోజు జరిగిన దానికి ఎవరూ నవ్వలేదు. ఒక దేశపు సైనికాధికారుల బృందం, కొనే ఉద్దేశం ఉన్నవాళ్ళు, స్టాండులోకి అడుగుపెట్టారు. ఐదు దేశాల వాళ్ళూ ఏకకాలంలో ఆతిథ్యానికి పూనుకున్నారు. ఐదు కాఫీ యంత్రాలు ఒక్కసారిగా బుస కొట్టాయి. ఉమ్మడి లైను ఫ్యూజు పోయి, స్టాండు మొత్తం చీకటైంది. మెల్లగా తిరుగుతున్న క్షిపణి నమూనా అధికారుల వైపు ముక్కు పెట్టి ఆగిపోయింది. బాబాయి స్విచ్చుబోర్డు వైపు పరుగెత్తడం చూశాను. ఆయన పరుగెత్తడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు.

దీపాలు వచ్చాక విచారణ జరిగింది. ఐదుగురూ తమ తమ పత్రాలు తెచ్చారు. ప్రతి యంత్రమూ పరిమితిలోనే ఉంది. ప్రతి దేశమూ నిర్దోషి. ఎవరు ఎప్పుడు కాఫీ కాచుకోవాలో ఒక వంతు ఏర్పాటు చేసుకోవాలని సూత్రప్రాయంగా ఒప్పుకుని, వంతు ఎవరితో మొదలు కావాలన్న దగ్గర ఆగారు. ప్రదర్శన ముగిసేవరకూ ఐదు దేశాలూ బయట కొట్టు నుంచి కాగితపు కప్పుల్లో కాఫీ తెప్పించుకున్నాయి.

నిర్దోషులందరూ వెళ్ళాక మిగిలినవాడు బాబాయి. ముదీర్ ఫోను చేశాడు. స్పీకరులో కాకపోయినా నాకు వినబడింది: "మూర్తీ, ఇంకొక్క మాట కస్టమరు నోట వచ్చిందంటే, ఖలాస్."

సదస్సు

మూడో రోజు స్టాండు ముందు భాగంలో కుర్చీలు వేశారు. ఆయుధ తయారీలో సహకారం, ఉమ్మడి భవిష్యత్తు అన్న అంశం మీద ఐదు దేశాల ప్రతినిధులు వేదిక మీద మాట్లాడారు. అందరూ చక్కగా మాట్లాడారు. నేను కాకినాడలో వాడిన వాక్యాలు రెండు మూడు వాళ్ళ నోటా వినబడ్డాయి. చివర క్లారా మైకు తీసుకుని, ప్రశ్నలున్నాయా అని అడిగింది.

ఎవరూ కదల్లేదు. వెనక స్విచ్చుబోర్డు దగ్గర కాపలాగా నిలబడ్డ బాబాయి నా వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు, చాలా కొద్దిగా, పక్కవాళ్ళు చూడకుండా.

ఆ క్షణంలో నేనేమి ఆలోచించానో దాచకుండా రాయాలి. అడగవలసింది అడిగి తీరాలన్న నా నియమానికి మూల్యం చెల్లించబోయేది నేను కాదు. హాసిని, పిన్ని, ఆ మనిషి. అది నాకు స్పష్టంగా తెలుసు. కానీ పక్కనే ఆ నమూనా మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. దాని రెక్క చిన్నది, కన్ను చిన్నది, ఏ భాగమూ అడిగి తీరవలసినంత పెద్దది కాదు. ఇంతమంది అడగకుండా ఊరుకోబట్టే అది అంత సాఫీగా తిరుగుతోందనిపించింది. చెయ్యి ఎత్తాను.

"ఐదు దేశాలు కలిసి చేసిన ఆయుధం ఎవరి చేతికి వెళ్ళాలో ఐదుగురూ కలిసి నిర్ణయిస్తారా, లేక ఆఖరి బోల్టు బిగించినవారు నిర్ణయిస్తారా? అది ఇళ్ళ మీద పడిన రోజున, ఎవరి భాగమూ అడ్డు చెప్పేటంత పెద్దది కాదని తేలితే, ఆ ఇంటివాళ్ళు ఎవరిని అడగాలి?"

ఇంగ్లీషులో అడిగాను కాబట్టి అందరికీ అర్థమైంది. నా మెడలో బాబాయి కంపెనీ పేరున్న పాసు వేలాడుతోంది. బాబాయి నా వైపు చూడడం మానేసి స్విచ్చుబోర్డును చూస్తున్నాడు.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. మొదటి ప్రతినిధి, ఈ సదస్సుకు ఇంత లోతైన ప్రశ్న రావడం గర్వకారణమన్నాడు. దీని మీద రెండో దేశానికి ఎక్కువ అనుభవం ఉందన్నాడు. రెండో ఆయన నాకు ధన్యవాదాలు చెప్పి, చట్టపరమైన కోణం మూడో దేశం చూస్తుందన్నాడు. మూడో ఆవిడ తన కూతురు కూడా ఇంట్లో ఇలాంటి ప్రశ్నలే అడుగుతుందని చెబితే అందరూ ఆప్యాయంగా నవ్వారు. నాలుగో ఆయన ఎనిమిది ప్రమాణాలనూ ప్రశంసించాడు. ఐదో ఆయన, తమ దేశం భాగం చాలా చిన్నది కనుక మాట్లాడడం మర్యాద కాదని తప్పుకున్నాడు. ఉమ్మడి సమాధానం తయారవుతుందని క్లారా ప్రకటించి, నన్ను ఐదుగురి మధ్య నిలబెట్టి ఫోటో తీయించింది.

నన్ను బయటికి పంపుతారన్న దానికి నేను సిద్ధపడ్డాను. పొగుడుతారన్న దానికి మాకు శిక్షణ లేదు.

అల్ వర్సాన్

ప్రదర్శన ముగిసిన మరునాడు శుక్రవారం; అక్కడ అదే సెలవు. రాజన్న తన గదికి భోజనానికి పిలిచాడు. అల్ వర్సాన్‌లో గోదాముల వెనక కూలీల వసతి భవనాలు. దారి పొడవునా బాబాయి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. సదస్సు అయినప్పటినుంచీ అంతే. ఏసీ గాలి నా వైపు తిప్పడం మాత్రం మరచిపోలేదు.

మంచాల మీద మంచాలు, మధ్యలో నేల మీద హిందీ పేపరు పరిచి మటన్ కూర, అన్నం, పచ్చిపులుసు. పచ్చిపులుసు తాగుతుంటే మా గోదావరి జిల్లాల చారు ఎందుకు అంతసేపు మరగబెడతారో అర్థం కాలేదు. పిన్ని ముందు ఈ మాట అనలేదు. మధ్యలో బాబాయి ఫోను మోగింది. తెర మీద ముదీర్ పేరు. ఎంగిలి చేత్తోనే వరండాలోకి వెళ్ళాడు. మేము తినడం ఆపాం. రాజన్న కూడా హాస్యం ఆపాడు.

బాబాయి తిరిగి వచ్చి, కూర్చుని, అన్నం ముద్ద కలిపి అప్పుడన్నాడు. "ఉంచారు. నన్నే."

"యల్లా! సార్‌కు ఇంకో రెండు ముక్కలెయ్యిర్రి!" అని రాజన్న కేక పెట్టాడు.

"క్లారా ముదీర్‌కి రాసిందట. కరెంటు సంగతి ఎత్తనే లేదు. యువతరాన్ని చర్చలోకి తెచ్చిన ఒకే ఒక కాంట్రాక్టరు మనమేనని రాసింది. ఫోటో కూడా పంపింది." బాబాయి మొదటిసారి నా వైపు చూశాడు. "ఏమ్మా, ఇంకో ప్రశ్న అడిగి ఉంటే నన్ను జనరల్ మేనేజరుని చేసేవారేమో."

అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక రాజన్న నా కంచంలో పులుసు పోస్తూ అడిగాడు.

"మరి ఆళ్ళు జవాబేం జెప్పిన్రు మేడమ్?"

"మంచి ప్రశ్న అన్నారు."

"అది నేను గూడ అంట. జవాబు?"

"ఉమ్మడిగా తయారవుతోందట."

"అయితె కాఫీ లెక్కనే," అన్నాడు రాజన్న. "తినుర్రి, సల్లారుతది."

తిరుగు ప్రయాణానికి ముందు

శనివారం సాయంత్రం పిన్ని పరమాన్నం వండింది. హాసిని పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. పరీక్షలు ఇక్కడే రాస్తుందని తేలాక దానికి చదవాలన్న తొందర కాస్త తగ్గినట్టుంది. నా ప్రశ్న వల్ల ఈ ఇంట్లో ఇంత శాంతి ఏర్పడడం చూస్తే నాకు ఏ పక్షాన గెలిచానో అర్థం కాలేదు.

బాబాయి భోజనాల బల్ల మీద కొత్త నక్షా పరిచాడు. రెండేళ్ళ తర్వాత జరిగే ప్రదర్శనకు ఐదు దేశాలూ ఇప్పటినుంచే స్టాండు ఆయనకే ఇచ్చాయి. ఈసారి ఐదు కరెంటు లైన్లు. ఇంకా, ముందు భాగంలో ఒక చిన్న వేదిక, దాని మీద ఒక మైకు. ఐదు దేశాలూ ఏ సవరణా లేకుండా ఏకగ్రీవంగా ఆమోదించిన భాగం అదొక్కటేనట.

"ప్రశ్నల వేదిక," అన్నాడు బాబాయి. "రోజూ ఉదయం పదకొండుకి ఒక ప్రశ్న. ఆ అమ్మాయినే తీసుకురమ్మంది క్లారా. టికెట్టు వాళ్ళే ఇస్తారు."

"ఎంత పేరు తెచ్చావే తల్లీ!" అంది పిన్ని.

"అక్కా, మళ్ళీ అదే అడుగుతావా, కొత్తదా?" అంది హాసిని.

అడగకపోతే ఆ వేదిక మీద ఎవరో ఒకరు మర్యాదైన ప్రశ్న అడుగుతారు. అడిగితే నాది కూడా మర్యాదైన ప్రశ్న అయిపోతుంది. రెండు పక్షాలనూ సమానంగా వాదించగలను. బహుమతి ఇచ్చేవారు మాత్రం ఆ గదిలో లేరు. ముగ్గురూ నా జవాబు కోసం చూస్తున్నారు.

"రెండేళ్ళుంది కదా," అన్నాను.

"ఉంది. కానీ కొలత ఇప్పుడే కావాలి. గోడకి ఆనుకుని నిలబడు," అంటూ బాబాయి టేపు తీశాడు.

నిలబడ్డాను. ఆయన నా గడ్డం ఎత్తున గోడ మీద పెన్సిలుతో ఒక గీత గీసి, కాస్త ఆలోచించి, దాని కింద ఇంకొకటి గీశాడు.

"మైకు ఈ కింది గీత దగ్గర పెడతాను. నువ్వు కొంచెం వంగి మాట్లాడితే ఫోటోలో బాగుంటుందట."

"నేను వంగను బాబాయ్."

బాబాయి నా ముఖంలోకి చూశాడు. కింది గీతను బొటనవేలితో చెరిపేసి, పై గీత పక్కన ఎత్తు రాసుకున్నాడు.